ఆడపిల్ల తల్లి పాలు

మా అమ్మాయి పుట్టినప్పుడు గల్లీ అంతా నన్ను ఓదార్చింది. నేను ఏడవకపోవడం వాళ్ళకు కాస్త చిన్నతనంగా కూడా తోచినట్టుంది. లాల్‌దర్వాజాలో మేము అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు బర్రెల పాలమ్ముకుని బతికే పెద్దావిడ. చిన్నా పెద్దా అందరూ ఆమెను అవ్వా అనే పిలుస్తారు. ఆసుపత్రి నుంచి వచ్చి బిడ్డతో రిక్షా దిగిన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి దిష్టి తీసి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, మల్లొచ్చేటోడు కొడుకే" అంది. అప్పటిదాకా నాకు ఏ ఫికరూ లేదు.

అదే గల్లీ, ఆ పిల్లకు మూడో నెల రాకముందే, చిన్న చిన్న గిన్నెలు పట్టుకుని నా గడప ముందు నిలబడింది. ఈసారి ఓదార్చడానికి కాదు, పాల కోసం. ఆడపిల్ల తల్లి పాల కోసం.

దీనికంతటికీ కారణం కళ్ళ కలక. ఆ ఏడు అది ఎక్కడ బయల్దేరిందో, ఎన్ని దేశాలు తిరిగి మా దాకా వచ్చిందో పేపర్లు రోజుకో రకంగా రాశాయి. ఓడల్లో వచ్చిందని ఒకరు, విమానాల్లో వచ్చిందని ఇంకొకరు. మా గల్లీలో ఓడ ఎక్కినవాళ్ళూ లేరు, విమానం ఎక్కినవాళ్ళూ లేరు. అయినా జబ్బు మమ్మల్ని చిన్నచూపు చూడలేదు. వానలు మొదలయ్యాయో లేదో, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయి లేచేవాళ్ళతో బోరింగు దగ్గర రద్దీ పెరిగింది. కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడేవి, వాచేవి, ఇసుక పోసినట్టు గరగరలాడేవి. కొందరికి తెల్లగుడ్డు మీద నెత్తురు చిమ్మినట్టుండేది.

రేడియోలో ఒక పెద్ద డాక్టరు గారు రోజూ సాయంత్రం చాలా మంచి మాటలు చెప్పేవారు. జబ్బు చేసినవారిని వేరే గదిలో ఉంచండి. ఒకరి తువ్వాలు ఒకరు వాడకండి. చేతులు మాటిమాటికీ సబ్బుతో కడుక్కోండి. ఆయన గొంతు ఎంత శుభ్రంగా ఉండేదంటే, ఆ గొంతును కూడా మాటిమాటికీ సబ్బుతో కడుగుతారేమో అనిపించేది. ఆయన చెప్పినవన్నీ నేను శ్రద్ధగా విన్నాను, బి.ఎస్సీ. చదివినదాన్ని కదా. వేరే గది అన్నారు. మాది ఒకే గది, దానికి ఆనుకుని వంటకు ఒక మూల. అవ్వ వాళ్ళ భాగంలో మనుషులకు ఒక గది, బర్రెలకు ఒక కొట్టం. ఆ లెక్కన వేరే గది ఉన్నది బర్రెలకే. సబ్బు నీళ్ళన్నారు. నల్లా తెల్లవారుజామున కాసేపు దగ్గి ఊరుకునేది. ఇక తువ్వాలు సంగతి. లక్క గాజులు చేసే ఎదురింటాయన భార్య నన్ను అక్కా అన్నట్టు బాజీ అంటుంది. ఆమె ఆ మాట విని, "ఒక్కొక్కరికి ఒక్కో తువ్వాలా బాజీ? మా ఇంట్ల అందరికి కలిపి ఒక్కటే. అది గూడ ఈద్‌కు కొన్నది" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వుతుంటే ఆమె ఎర్రటి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అవి నవ్వుకు వచ్చినవో, జబ్బుకు వచ్చినవో తెలియలేదు.

ఆమె భర్త మాత్రం పని మానలేదు. నిప్పుల కుంపటి మీద లక్కను కరిగించి, సాగదీసి, గాజు చుట్టే పని. ఆ సెగకు మంచి కళ్ళే మండుతాయి. "కొన్నాళ్ళు ఇంట్లో ఉండమని చెప్పరాదూ" అన్నాను. "ఆయన కండ్లు మూసుకోని కూసుంటె మా పొయ్యి గూడ కండ్లు మూస్కుంటది బాజీ" అంది. మా ఆయనది ప్రభుత్వ ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగం. అక్కడ కళ్ళు ఎర్రబడినవాళ్ళకు జీతంతో సెలవు. మా ఆయన రోజూ అద్దంలో చూసుకుని, కళ్ళు తెల్లగానే ఉన్నందుకు కొద్దిగా నిరాశపడి, బస్సెక్కేవాడు.

చుక్కల మందు ముందు దొరికింది, తర్వాత దొరకలేదు, ఆ తర్వాత దొరికేవాళ్ళకే దొరికింది. దబీర్‌పురా స్టేషను దగ్గర మందుల దుకాణానికి ఎందుకైనా మంచిదని ముందే ఒక సీసా కొని ఉంచుదామని వెళ్ళాను. దుకాణంవాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నన్ను చూడకుండా చేయి ఊపాడు. "నక్కో పూఛో అమ్మా, స్టాక్ ఖతం!" నా వెనకే కారు దిగిన ఒక డ్రైవరు చీటీ ఇస్తే, లోపలి నుంచి పొట్లం వచ్చింది. ఖతమైన స్టాకు మళ్ళీ పుట్టడం నేను కళ్ళారా చూశాను. నా కళ్ళకు అప్పటికింకా ఏ జబ్బూ లేదు.

నా భయమంతా పాప గురించి. ఇంకా మెడ నిలవని పిల్ల. అప్పుడప్పుడే మనిషి ముఖం గుర్తుపట్టి నవ్వడం నేర్చుకుంటోంది. ఆ కళ్ళకు ఏమైనా అయితే? ఇది ఉత్త పిరికితనమని మా ఆయన అనేవాడు. కానీ మా కళ్ళ ముందే అవ్వ ఉంది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమె ఎడమ కన్ను పోయింది. ఉడికిన గుడ్డు తెల్లసొనలా ఉంటుంది అది. మిగిలిన ఒక్క కన్నుతోనే బర్రెలను మేపింది, పాలు కొలిచింది, మా చిన్న చిన్న తప్పులన్నీ చూసింది.

ఆ ఒక్క కన్నే ఒకరోజు ఎర్రబడింది.

ఆ సాయంత్రం అవ్వ ఒక చిన్న ఇత్తడి గిన్నె పట్టుకుని నా గడప దగ్గర కూర్చుంది. ఆమె ఎప్పుడూ పాల చెంబుతో వచ్చేది, నేను గిన్నె పట్టేదాన్ని. ఆరోజు గిన్నె ఆమె చేతిలో ఉంది.

"బిడ్డా, కొన్ని పాలు పొయ్యి."

"పాలా? మీ ఇంట్లోవే కదా నాకు పోసేది!"

"బర్రె పాలు గాదే. నీ పాలు. కండ్లల్ల పోస్కుంటె సల్లవడ్తది. ఆడివిల్లను కన్న తల్లి పాలే కావాలె. మొగపిల్లగాని తల్లి పాలు వేడి."

నేను చదివిన జీవశాస్త్రంలో ఆ అధ్యాయం లేదు. అది చెప్పబోయాను. అవ్వ కొంగుతో కన్ను ఒత్తుకుంటూ, "నాకున్నది ఒక్కటే గద బిడ్డా" అంది. అంతే, ఇంక జీవశాస్త్రం గొంతు దాటి రాలేదు. లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగి, గిన్నెలో కొన్ని పాలు పిండి తెచ్చి ఇచ్చాను. పాలమ్మే ఇంటికి పాలు పోసిన ఘనత ఈ నగరంలో ఇంకెవరికైనా దక్కిందో లేదో నాకు తెలియదు.

మర్నాటికల్లా సంగతి గల్లీ అంతా తెలిసింది. చుట్టుపక్కల పాలిచ్చే తల్లులు ఇంకా ఉన్నారు. కానీ వాళ్ళందరూ అదృష్టవంతులు, కొడుకుల్ని కన్నవాళ్ళు. బారసాలకు బ్యాండు పెట్టించుకున్న మూలమీది ఇంటి కోడలి పాలు వేడి అట, పనికిరావట. నా పాలు చలవ. కానుపు నాడు పెదవి విరిచిన వాళ్ళందరూ గిన్నెలతో వచ్చి, "నీ బిడ్డ లక్ష్మి అమ్మా, కడుపు సల్లగుండ" అని దీవించారు. లక్ష్మికి మా గల్లీలో గుర్తింపు రావడానికి ఊరంతటి కళ్ళూ వాయవలసి వచ్చింది.

నేను రెండు నియమాలు పెట్టాను. గడప దాటి లోపలికి రావద్దు. పాపను చూపించమని అడగొద్దు. గిన్నెను నీళ్ళలో మరిగించి, అందులో పిండి, గడప మీద పెట్టి లోపలికొచ్చేదాన్ని. వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. ఆసుపత్రుల్లో మందుల కిటికీ ఎలా ఉంటుందో మా గడప అలా తయారైంది. ఒక్క తేడా. మా దగ్గర ఎవరినీ "మీ నాన్న ఏం చేస్తాడు, ఎక్కడ పని చేస్తాడు" అని అడగలేదు.

నిజానికి అంత ఉదారంగా పంచడానికి కారణం చాలా చిన్నది. ఆ పాలతో ఎవరి కళ్ళూ బాగవుతాయని నాకు నమ్మకం లేదు. మనకు నమ్మకం లేని వస్తువును పంచడం ఏమంత కష్టం కాదు.

కొన్నాళ్ళకు పాలు తగ్గడం మొదలైంది. పాప నోరు తీసి ఏడ్చేది. పొద్దస్తమానం దాని కళ్ళు చూడటం, చేతులు కడుక్కోవడం, మళ్ళీ చూడటం, ఇదే నా పని. అవ్వ గడప అవతల నుంచి కోప్పడింది. "గింత బుగులైతె పాలెట్ల వస్తయే? బెదిరిన బర్రె గూడ పాలు చేపదు."

"నేను బర్రెనా అవ్వా?"

"బర్రెవైతె ఇంత లొల్లి లేకపోవు. దాన పెడితె ఊకుండేదానివి."

అంత జాగ్రత్త పడ్డాక జరగవలసిందే జరిగింది. ఒక పొద్దున పాప లేచి ఏడ్చింది కానీ కళ్ళు తెరవలేదు. రెప్పలు వాచి, పచ్చని పుసితో అతుక్కుపోయి ఉన్నాయి. ఎలా వచ్చిందో తెలియదు. గడప అవతలి నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ బస్సులో వచ్చిందా, రేడియోలోంచే వచ్చిందా? తడిగుడ్డతో తుడిచి, రెప్ప కొంచెం విప్పితే లోపల ఎర్రగా కనబడింది. నాకు ఆ క్షణాన కనబడింది పాప కన్ను కాదు, అవ్వ ఎడమ కన్ను.

మా ఆయన ఫ్యాక్టరీకి సొంత డిస్పెన్సరీ ఉంది. పర్మనెంటు ఉద్యోగుల కుటుంబాలకు ఒక కార్డు ఇస్తారు, దాని మీద మందులు. మేము అదృష్టవంతులమని గల్లీలో అందరూ అనేవాళ్ళు. ఆ అదృష్టాన్ని అనుభవించడానికి పాపను కొంగులో చుట్టుకుని బయల్దేరాం. చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్ళే బస్సులో నిలబడి, ఎర్ర కళ్ళవాళ్ళ మధ్య పాప ముఖం ఎటు తిప్పాలో తెలియక దాన్ని గుండెకు అదుముకుని పోయాను.

కండక్టరు నోట చాంద్రాయణగుట్ట పేరు వినగానే గుర్తొచ్చింది, అక్కడ మా ఆడబిడ్డ ఉంటుంది. మా పాపకు పేరు పెట్టవలసిన మేనత్త ఆమె. ఆ పేరు దగ్గరే మాకూ ఆమెకూ పడలేదు. చనిపోయిన వాళ్ళమ్మ పేరే పెట్టాలని ఆమె పట్టు. అది ఏ పోచమ్మ గుడి ముందో పెట్టిన పాతకాలపు పేరు, చివర అమ్మ తగిలించి ఉంటుంది. నేనేమో వారపత్రికల్లో వెతికి, రెండక్షరాల నాజూకైన పేరు ఒకటి దాచిపెట్టుకున్నాను. మాటామాటా పెరిగి, పాపను తొట్లెలో వేసి పేరు పెట్టే రోజు వెనక్కి పోయింది. రాజీకి వచ్చేలోపు ఆమెకు కళ్ళ కలక వచ్చింది. ఎర్ర కళ్ళతో శుభకార్యమేమిటని ఇంకా వెనక్కి పోయింది. అందుచేత మా పాపకు పేరు లేదు. అందరూ చిన్నీ అనేవాళ్ళం.

డిస్పెన్సరీలో మందులకు రెండు కిటికీలు. ఒకటి ఆఫీసర్ల కుటుంబాలకు, ఒకటి మాకు. ఆఫీసర్ల కిటికీ ముందు ఎవరూ లేరు. మా కిటికీ ముందు లైను మెట్లు దిగి వేపచెట్టు దాకా ఉంది. నేను చూస్తుండగా ఒకావిడ వచ్చి, తెల్లటి కళ్ళు ఉన్న పిల్లలిద్దరికీ "ముందు జాగ్రత్తగా" రెండు సీసాలు తీసుకుని వెళ్ళింది. ముందు జాగ్రత్త అనేది కూడా ఒక హోదా అని అప్పుడు తెలిసింది. మాకు మిగిలేది ఎప్పుడూ వెనక జాగ్రత్తే.

డాక్టరు మంచివాడే. పాప కళ్ళు చూసి ముఖం ముడిచాడు. చుక్కలు వెంటనే మొదలుపెట్టాలని, ఆలస్యం చేస్తే నల్లగుడ్డు మీద పుండు పడవచ్చని చెప్పి చీటీ రాశాడు. మా కిటికీలో చుక్కల మందు పసిపిల్లలకు మాత్రమే, పెద్దవాళ్ళకు బోరిక్ పొడి. చీటీ, కార్డు కిటికీలో పెట్టాను. మా ఆయన ఆ పక్కన పాపను ఎత్తుకుని నిలబడ్డాడు.

కాంపౌండరు కార్డు తిరగేశాడు. "పాప పేరేందమ్మా?"

"ఇంకా పెట్టలేదు."

"పేరు లేకుంటె ఎట్ల? కార్డుల ఎక్కినోళ్ళకే మందు. ఎక్కియ్యాల్నంటె పేరుండాలె. పేరు వెట్టుకోని రాండ్రి."

"కళ్ళు తెరవట్లేదు సార్. పేరుతో పనేముంది, చీటీ డాక్టరు గారే రాశారు కదా?"

"డాక్టర్‌సాబ్ కన్ను జూస్తడు. నేను కార్డు జూస్త." వేలితో మళ్ళీ కార్డు తడిమాడు. "మీ ఆయనున్నడు, మీరున్నరు, మీ అత్తమ్మ ఉన్నది. గామెకు గిట్ల వచ్చిందా కండ్లకలక?"

"ఆమె పోయి చాలా కాలమైంది."

"కార్డుల మంచిగనె ఉన్నది గద!" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆయనకు డ్యూటీ గుర్తొచ్చింది. "గట్లయితె కొట్టెయ్యాలె మరి" అని కలం తీశాడు.

ఎప్పుడో పోయిన మా అత్తగారికి ఆ కార్డులో ఇంకా మందు తీసుకునే హక్కు ఉంది. బతికి, ఏడుస్తూ, చీటీతో సహా ఎదురుగా ఉన్న నా బిడ్డకు లేదు. కలం కాగితం మీద ఆనబోతుంటే నా చేయి కిటికీలోంచి లోపలికి పోయింది. కార్డు మీద అరచెయ్యి పరిచేశాను.

"కొట్టెయ్యొద్దు. పాప పేరు కూడా అదే."

"ఇప్పుడే గదమ్మా పేరు లేదంటివి?"

"ఇప్పుడే పెట్టినం."

మా ఆయన నోరు తెరిచాడు. వాళ్ళమ్మ పేరు నా నోటి నుంచి, నేనే కావాలని పెట్టినట్టు, వస్తుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. వెనక లైనులో ఒకామె గట్టిగా నవ్వింది. "బారసాల అయిపాయె! ఓ కాంపౌండర్ అన్నా, మేనత్తవు నువ్వేనా ఏంది? పిల్ల చెవుల చెప్పరాదు!" ఇంకెవరో, "నోరు తీపి జెయ్యమను, శక్కెర లేకుంటె బోరిక్ పొడన్న పెట్టమను" అన్నారు. లైనంతా నవ్వు. ఎర్ర కళ్ళన్నీ తుడుచుకుంటూ నవ్వారు.

కాంపౌండరు కూడా నవ్వాపుకుంటూ కలం పక్కన పెట్టాడు. "పేరైతె కుదిరింది. వయసు యాభైకి పైన ఉన్నది గదమ్మా?"

"తగ్గించి రాయండి."

"దవాఖానకొచ్చి వయసు తగ్గిన మనిషిని మీ అత్తమ్మనే చూస్తున్న" అంటూ లోపలికి పోయి, బొటనవేలంత సీసా తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. వారపత్రికలోని రెండక్షరాల నాజూకు పేరు ఆ కిటికీ దగ్గరే వదిలేసి వచ్చాను. దాని కోసం ఎన్ని రోజులు పోట్లాడానో! ఒక్క సీసా చూపిస్తే ఇచ్చేశాను.

ఇంటికొచ్చి, పాప కళ్ళలో చుక్కలు వేసి, సీసాను బియ్యం డబ్బాలో దాచాను. పాలకు గడప మీద లైను పెట్టినదాన్నే. ఈ మందు మీద నాకు నమ్మకం ఉంది, అందుకని దాచాను. కానీ గోడ అవతల, కన్ను ఇంకా తగ్గని అవ్వ మూలుగు వినిపిస్తూనే ఉంది. బర్రె పొదుగు కోసం చేత్తో వెతుక్కుంటోందని ఆమె కోడలు చెప్పింది. ఆరోజు సాయంత్రం డబ్బా మూత తీసి, సీసా పట్టుకుని నేనే గడప దాటాను.

"అవ్వా, ఇటు తిరుగు. చుక్కల మందు."

"ఎక్కడిది?"

"ఫ్యాక్టరీది. మా అత్త పేరు మీద వచ్చింది."

జరిగింది చెబితే అవ్వ కన్ను మూసుకునే నవ్వింది. "అబ్బో, మీ అత్త గట్టిదే! సచ్చిపోయి గూడ మనమరాలికి మందు తెచ్చింది. మా అత్త బతికున్నన్నాళ్ళు నాకు గ్లాసెడు మంచినీళ్ళు తేలే." చుక్క పడగానే చురుక్కుమని పళ్ళు బిగబట్టింది. కొంగుతో చెంప తుడుచుకుని, "నీ పాలు గూడ కొన్ని పొయ్యి" అంది.

"మందు వేశాను కదా!"

"ఉండనీ. రెండు పోస్తె ఏది పని జేసిందో ఎవనికెర్క?"

అలాగే రెండూ పోశాను. లక్క గాజులాయనకు కూడా ఒక రెండు రోజులు చుక్కలు పడ్డాయి. మూడోరోజుకు సీసాలో ఉన్నది పాపకే చాలీచాలని పరిస్థితి. ఆయన మళ్ళీ పాలకు దిగాడు, కుంపటి ముందే కూర్చుని. మిగతా గల్లీకి మొదటి నుంచీ పాలే.

పాప కళ్ళు తేటబడ్డాయి. ఒక పొద్దున పూర్తిగా తెరిచి, నన్ను గుర్తుపట్టి, కాళ్ళు తపతపా కొట్టింది. కొన్నాళ్ళకు మేనత్త మామూలు కళ్ళతో వచ్చి, మేము వాళ్ళమ్మ పేరే పెట్టామని తెలిసి నన్ను కావలించుకుని ఏడ్చింది. నాకు ఇంత పెద్ద మనసుందని ఆమె అనుకోలేదట. నేను కిటికీ సంగతి చెప్పలేదు. మా ఆయన నావైపు చూడకుండా తొట్లెకు పూలు కడుతూ ఉండిపోయాడు. కళ్ళు బాగైనవాళ్ళందరూ తొట్లెలో చెయ్యి పెట్టి దీవించిపోయారు. బాగు చేసింది ఆడపిల్ల తల్లి పాలేనని గల్లీలో తిరుగులేకుండా తేలిపోయింది. రేడియో డాక్టరు గారు కూడా ఆ వారమే ప్రజల సహకారంతో వ్యాధి అదుపులోకి వచ్చిందని చెప్పారు. ఆ ప్రజల్లో నేనూ ఉన్నానని ఊహించుకున్నాను.

అవ్వ కన్ను ఎరుపు తగ్గింది. కానీ నల్లగుడ్డు మీద సన్నటి పొర మిగిలిపోయింది. పెద్ద దవాఖానకు తీసుకుపోతే, మందు ముందే మొదలుపెట్టి ఉంటే బాగుండేదని చెప్పి పంపారట. ముందే అంటే ఎప్పుడో, ఏ కిటికీ దగ్గరో వాళ్ళు చెప్పలేదు. ఇప్పుడామెకు మనుషులు పొగలో ఉన్నట్టు కనిపిస్తారు. గొంతును బట్టి పోల్చుకుంటుంది. పాలు గిన్నెలో పడే చప్పుడు విని కొలుస్తుంది.

ఆ దిగుళ్ళలో తగ్గిన నా పాలు మళ్ళీ రాలేదు. ఇప్పుడు మా పాప తాగేది అవ్వ బర్రె పాలే. పొద్దున చెంబుతో వచ్చి గడప దగ్గర కూర్చుంటుంది. నేను గిన్నె పడతాను. కొలత నిండిన చప్పుడు నాకు తెలుస్తుంది, ఆమెకు ఇంకా బాగా తెలుస్తుంది. అయినా చెంబు వంచే ఉంచుతుంది.

"ఎక్కువ వడ్డయా బిడ్డా? నాకు కనవడదు గద."

"లేదవ్వా, సరిగ్గానే పడ్డాయి" అంటాను, పొంగి చేతి మీదికి కారుతున్న గిన్నెను రెండు చేతులా పట్టుకుని.